ఎవరెస్ట్ అంటే ఎవరు?



నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ నుంచి మా స్కూలుకు పిల్లల్ని పంపే మీలో చాలామంది రోజూ ఉప్పల్ మీదుగానే ఆఫీసులకు వెళ్తుంటారు. ఆ దారిలో సర్వే ఆఫ్ ఇండియా క్యాంపస్ ఉంది. నేనూ ఎన్నోసార్లు దాని ముందు నుంచే వెళ్లాను. లోపల ఏం చేస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించేలా చేసింది మా ఏడో తరగతి అమ్మాయి ఒకతె.

ఆ రోజు జనరల్ నాలెడ్జ్ స్లిప్ టెస్ట్. ప్రపంచంలో ఎత్తైన శిఖరం ఏది, దాన్ని మొదట ఎక్కినవారు ఎవరు అని అడిగాను. అందరూ రాశారు, అందరికీ మార్కులు వచ్చాయి. పేపర్లు ఇచ్చేశాక ఆ అమ్మాయి లేచి, ఎక్కినవాళ్లు టెన్జింగ్, హిల్లరీ అయితే మరి ఎవరెస్ట్ అంటే ఎవరు టీచర్ అని అడిగింది. సగం క్లాసు అది కొండ పేరే అంది. మిగతా సగం ఆయన కూడా ఎక్కి ఉంటాడంది. నాకూ సరిగ్గా తెలియదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

ఆ సాయంత్రం చదవడం మొదలుపెడితే ఆ కథ మన తెలుగు నేలమీద నుంచే నడిచిందని తెలిసింది. పిల్లలకు చెప్పిన ఆ కథనే ఈ నెల మీకూ చెప్తున్నాను.

పదహారేళ్లకు ఓడెక్కిన కుర్రాడు

జార్జ్ ఎవరెస్ట్ 1790 జూలై 4న పుట్టారు. ఆ ఇంటిపేరును వాళ్లు పలికే తీరు ఈవ్‌రెస్ట్. మనమంతా ఆయన పేరును రోజూ తప్పుగానే పలుకుతున్నామన్నమాట. ఇంగ్లండ్‌లో సైనిక విద్య చదివి, 1806లో పదహారేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ ఫిరంగిదళంలో చేరి భారతదేశానికి వచ్చారు. లెక్కల్లో గట్టివాడని పేరు రావడంతో జావా దీవిలో సర్వే పని అప్పగించారు. ఆ తర్వాత 1818లో హైదరాబాద్ చేరుకున్నారు.

ఎందుకు హైదరాబాద్? అప్పటికి విలియం లాంబ్టన్ అనే సర్వేయరు హైదరాబాద్ కేంద్రంగా ఒక పెద్ద పని నడిపిస్తున్నారు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేలమీద ఏడున్నర మైళ్ల గీతను ఇనుప గొలుసుతో కొలిచి ఆయన ఆ పని ప్రారంభించారు. ఆ ఒక్క గీతకే 57 రోజులు పట్టింది. అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దేశమంతా కొలవాలన్నది ఆలోచన.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివర్ల కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలను కొలవకుండానే లెక్కకట్టవచ్చు. లెక్కకట్టిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. మీ పిల్లలు పదో తరగతిలో త్రికోణమితి పాఠంలో చేసే ఎత్తులు, దూరాల లెక్కలు సరిగ్గా ఇవే. కాకపోతే వాళ్ల కంపాస్ బాక్సులో ఉండే ప్రొట్రాక్టర్ బదులు లాంబ్టన్ దగ్గర అర టన్ను బరువున్న థియొడొలైట్ ఉండేది. దాన్ని కొండల మీదికి, గుడి గోపురాల మీదికి మోసుకెళ్లాలి. 1808లో తంజావూరు గుడి గోపురం ఎక్కిస్తుండగా తాడు తెగి అది దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని, వంగిన భాగాలను తన చేతులతోనే సరిచేసుకున్నారు.

కంపెనీకి ఈ సర్వే ఎందుకన్నది కూడా పిల్లలకు దాచకుండా చెప్పాను. పన్నులు వసూలు చేయాలన్నా, సైన్యాన్ని నడిపించాలన్నా పటం కావాలి. పాలించడానికి వేసిన పటాలవి. వాటితో పాటు భూమి ఆకారం ఎంత గుండ్రమో తేల్చే సైన్సు కూడా అందులో ఉంది. రెండూ నిజమే.

యెల్లాపురం అడవి

1819లో లాంబ్టన్ తన కొత్త సహాయకుడిని కృష్ణా, గోదావరి నదుల మధ్య ఉన్న అడవుల్లోకి పంపారు. ఎండాకాలంలో గాలినిండా దుమ్ము. దూరపు కొండమీద పాతిన జెండా కనిపించదు. వాన కురిసి వెలిశాకే గాలి తేటపడుతుంది. అందుకని వానాకాలాన్నే సర్వే కాలంగా పెట్టుకున్నారు. అడవిలో జ్వరాలు ముసురుకునేదీ అప్పుడే.

ఎవరెస్ట్ అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల యువకుడు. కోపిష్టి. తనతో పంపిన నిజాం సిపాయిలు ఎదురుతిరిగితే కొరడా దెబ్బలు కొట్టించారు. ఆ తర్వాత కూడా కింది ఉద్యోగులతో ఆయన కటువుగానే ఉండేవారు. ఈ మాట దాచిపెట్టి ఆయన గొప్పతనం మాత్రమే చెప్పడం పిల్లలకు అన్యాయం చేసినట్టే అవుతుంది.

యెల్లాపురం అనే చోట బృందమంతా మంచాన పడింది. ఎవరెస్ట్‌కు, ఆయనతో ఉన్న డాక్టరు హెన్రీ వోయ్‌సీకి, మొత్తం మీద దాదాపు 150 మందికి జ్వరం సోకింది. హైదరాబాద్ నుంచి పల్లకీలు, ఏనుగులు, ఒంటెలు పంపించి వాళ్లను వెనక్కి మోసుకురావాల్సి వచ్చింది. పదిహేను మంది చనిపోయారు. ఎవరెస్ట్ బతికారు. కానీ 1820లో జ్వరం మళ్లీ తిరగబెట్టడంతో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇక్కడ రెండు సంగతులు. మలేరియాను దోమలే మోస్తాయని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టులో. యెల్లాపురం తర్వాత 78 ఏళ్లకు. రెండోది, ఆ వోయ్‌సీ డాక్టరు మాత్రమే కాదు, రాళ్లను చదివే భూగర్భ శాస్త్రవేత్త కూడా. నిజాం రాజ్యంలోని నేలనూ రాతినీ మొదట శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఆయన ఒకరు. ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ ముందు నుంచి వెళ్లేటప్పుడు ఈ పేరు మీ పిల్లలకు ఒకసారి చెప్పండి.

జ్వరం నేర్పిన పాఠం

కేప్‌లో ఎవరెస్ట్ ఊరికే కూర్చోలేదు. అంతకు డెబ్భై ఏళ్ల ముందు లాకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అక్కడ చేసిన కొలతలు ఎందుకు తేడాగా వచ్చాయో వెతికారు. పక్కనున్న కొండలు తమ బరువుతో తూకపు గుండును కొద్దిగా తమవైపు లాగి ఉంటాయని తేల్చారు. కొండ దగ్గర తూకపు గుండు కూడా నిటారుగా వేలాడదన్న ఈ విషయం తర్వాత హిమాలయాలను కొలిచేటప్పుడు సర్వేవాళ్లకు పెద్ద చిక్కు ప్రశ్న అయింది.

యెల్లాపురం మాత్రం ఆయనకు అంతకన్నా పెద్ద పాఠమే నేర్పింది. మనుషులు చచ్చిపోయే కాలంలోనే పని చేయాల్సిన అవసరం ఏమిటి? పగలు జెండా కనిపించకపోతే రాత్రి దీపం కనిపిస్తుంది కదా. తర్వాతి సంవత్సరాల్లో ఆయన రాత్రిపూట దీపాలతో, పగటిపూట అద్దంతో సూర్యకాంతిని మళ్లించే హీలియోట్రోప్‌తో పొడికాలంలోనే కొలతలు తీసుకునే పద్ధతి పెట్టారు. పని మానలేదు, పని చేసే తీరు మార్చుకున్నారు. నాకు ఈ జీవితంలో అన్నింటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

1823 జనవరి 20న లాంబ్టన్ హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయారు. ఆ పని బరువంతా ఎవరెస్ట్ మీద పడింది. కాళ్లూ చేతులూ సహకరించక, ఎవరో ఒకరు లేపి కూర్చోబెడితే తప్ప పరికరం దగ్గర కూర్చోలేని స్థితిలో మధ్య భారతంలోని సిరోంజ్ దాకా త్రిభుజాలను నడిపించారు. 1825లో ఇంగ్లండ్ వెళ్లి అయిదేళ్లు ఉన్నారు. విశ్రాంతి పేరుకే. కొత్త పరికరాలు తయారు చేయించుకోవడంలోనే ఆ కాలమంతా గడిచింది. 1830లో సర్వేయర్ జనరల్‌గా తిరిగి వచ్చారు.

వచ్చీ రాగానే పాత పనిలో అనుమానం ఉన్నచోటల్లా మళ్లీ కొలవమన్నారు. ఇనుప గొలుసు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. దాని బదులు వేడికి పొడవు మారకుండా రెండు లోహాలతో చేసిన కడ్డీలు వాడారు. గంగా మైదానంలో నిలబడి చూడటానికి కొండలు లేకపోతే ఇటుకలతో ఎత్తైన గోపురాలు కట్టించారు. దారికి అడ్డమొచ్చిన చెట్లు నరికించారు, ఊళ్లలో ఇళ్లూ తీయించారు. దానివల్ల గొడవలూ జరిగాయి. తాను స్వయంగా కొలిచిన సిరోంజ్ గీతను కూడా కొత్త కడ్డీలతో మళ్లీ కొలిపించారు. మన పక్కనున్న బీదర్ దగ్గర లాంబ్టన్ కాలంలో వేసిన గీతను 1841లో ఆయన సహాయకుడు ఆండ్రూ వా తిరిగి కొలిచారు. కన్యాకుమారి నుంచి ముస్సోరీ దాకా దాదాపు 2,400 కిలోమీటర్ల ఆ పెద్ద రేఖ అప్పటికి పూర్తయింది. పని మొదలై దాదాపు నలభై ఏళ్లు.

అట్టమీద లేని పేర్లు

ఈ పని ఒక్కరిది కాదు. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన పరికరాలు చెడిపోతే బాగుచేయడానికి ఎవరెస్ట్ ఎంచుకున్నది ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌ను. పెద్ద కాలేజీ చదువులేమీ లేని ఆ పనివాడి చేతిలో ఆ కాలపు అత్యంత సున్నితమైన యంత్రాలు ఉండేవి. ఆయనను సర్వే శాఖ పరికరాల తయారీదారుగానే నియమించారు.

ఇంకొకరు రాధానాథ్ సిక్దార్. కలకత్తా హిందూ కాలేజీలో చదువుకున్న కుర్రాడు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కావాలని ఎవరెస్ట్ అడిగితే 1831లో పద్దెనిమిదేళ్ల వయసులో చేరారు. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. సిక్దార్ ఉద్యోగం పేరు అదే. కొలతలు తెచ్చేది ఎవరైనా, గాలి కాంతిని ఎంత వంచిందో, భూమి గుండ్రం వల్ల ఎంత ఎత్తు దాగిపోయిందో తీసివేసి అసలు అంకె తేల్చేది ఈ గణకులే.

సిక్దార్ లెక్కలకే పరిమితమైన మనిషి కాదు. 1843లో డెహ్రాడూన్‌లో ఒక ఇంగ్లిషు మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత జీతం లేకుండా తన సామాన్లు మోయించుకుంటే ఆయన అడ్డుపడ్డారు. కేసు పెట్టి 200 రూపాయల జరిమానా వేశారు. అంత డబ్బు పోయినా ఆయన తగ్గలేదు. ఆ బెట్టి చాకిరీ సంగతి బయటపడింది.

అదే 1843లో ఎవరెస్ట్ పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆయన పేరున్న శిఖరం ఎత్తును అప్పటికింకా ఎవరూ లెక్కకట్టనే లేదు.

పదిహేనో నంబరు

ఆయన తర్వాత ఆండ్రూ వా సర్వేయర్ జనరల్ అయ్యారు. నేపాల్ విదేశీయులను లోపలికి రానివ్వదు కాబట్టి సరిహద్దుకు ఇవతల మైదానాల నుంచే మంచు శిఖరాలను చూసి కోణాలు తీసుకున్నారు. ఒక్కో శిఖరానికి ఒక నంబరు. 1849లో జేమ్స్ నికల్సన్ పదిహేనో నంబరు శిఖరాన్ని ఆరు చోట్ల నుంచి కొలిచారు. దగ్గరి చోటు నుంచి కూడా అది 170 కిలోమీటర్లకు పైనే ఉంది. ఉప్పల్‌లో నిలబడి వరంగల్ కూడా దాటి అవతల ఎక్కడో ఉన్న కొండ ఎత్తు చెప్పడంలాంటిది.

అంతకుముందు కొన్నేళ్లు ధవళగిరి, ఆ తర్వాత కాంచనజంగ ప్రపంచంలో ఎత్తైనవని అనుకునేవారు. 1852 ప్రాంతంలో ముఖ్య గణకుడు సిక్దార్ నాయకత్వంలో లెక్కలు తేలాయి. అన్నింటికన్నా ఎత్తు పదిహేనో నంబరుదే. వా తొందరపడలేదు. నాలుగేళ్లు సరిచూసి 1856లో ప్రకటించారు: 29,002 అడుగులు, అంటే దాదాపు 8,840 మీటర్లు. 2020లో చైనా, నేపాల్ కలిసి ఉపగ్రహాల సాయంతో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. 170 కిలోమీటర్ల దూరం నుంచి, కాగితం మీద చేసిన లెక్కలో తేడా తొమ్మిది మీటర్లే.

ఆ శిఖరానికి తన గురువు పేరు పెట్టాలని వా ప్రతిపాదించారు. ఎవరెస్ట్ ఒప్పుకోలేదు. ఆ పేరు ఇక్కడివాళ్లు పలకలేరని, ఇక్కడి లిపుల్లో రాయలేరని అభ్యంతరం చెప్పారు. టిబెట్‌వాళ్లు దాన్ని చోమోలుంగ్మా అని పిలిచేవారు. నేపాల్ ఇప్పుడు సాగరమాథా అంటుంది. అయినా 1865లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఎవరెస్ట్ పేరునే ఖాయం చేసింది. మరుసటి ఏడాది 1866 డిసెంబరు 1న ఆయన చనిపోయారు.

సిక్దార్ 1862లో రిటైరై కలకత్తాలో లెక్కల మాస్టారిగా పాఠాలు చెప్పారు. 1870లో కన్నుమూశారు. సర్వే శాఖ వాడే పుస్తకంలో లెక్కల భాగాలు చాలావరకు ఆయన రాసినవే. మొదటి రెండు ముద్రణల్లో ఆ సంగతి ముందుమాటలో ఉంది. ఆయన పోయాక 1875లో వచ్చిన మూడో ముద్రణలో ఆ పేరు తీసేశారు. 2004లో మన తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

ఎక్కడానికి ముందు

ఎక్కడం ఆ తర్వాతి కథ. 1921 నుంచి బ్రిటిష్ బృందాలు ప్రయత్నించాయి. 1924లో మాలరీ, ఇర్విన్ పైకి వెళ్లి తిరిగి రాలేదు. 1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. 2006లో నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. 2014 మే 25న మన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ మీద అడుగుపెట్టారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే భువనగిరి బండ మీదే వాళ్ల శిక్షణ మొదలైంది.

వీళ్లందరూ తాము ఎక్కుతున్నది ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని తెలిసి ఎక్కారు. ఆ సంగతి తెలియడానికి వెనుక యెల్లాపురంలో చనిపోయిన పదిహేను మంది ఉన్నారు, దీపాలు పట్టుకుని రాత్రంతా కొండల మీద మేలుకున్నవాళ్లు ఉన్నారు, చెప్పిన జవాబును నాలుగేళ్లు మళ్లీ సరిచూసినవాళ్లు ఉన్నారు.

మరుసటి రోజు క్లాసులో ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. లెక్క చేసింది సిక్దార్ అయితే కొండకు ఆయన పేరు ఎందుకు పెట్టలేదని. నేను తిరిగి పిల్లలనే అడిగాను. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. కొలిచినవాళ్లదని కొందరు, పద్ధతి నేర్పినవాళ్లదని కొందరు, అక్కడివాళ్లు పెట్టుకున్న పేరే ఉండాలని కొందరు. మార్కులు లేని ఆ ఇరవై నిమిషాల్లో వాళ్లు నేర్చుకున్నది నేను స్లిప్ టెస్ట్‌లో అడగగలిగేది కాదు.

ఒక్క సంగతి మీతో పంచుకుంటాను. పేరెంట్స్ మీటింగ్‌లో మనం మాట్లాడుకునేది ఎక్కువగా మార్కుల గురించి, ర్యాంకుల గురించి. నేనూ ముందు ఆ రిజిస్టరే తీస్తాను. కానీ లెక్కల్లో స్టెప్ మార్కులు ఎందుకు ఉంటాయో ఎవరెస్ట్ జీవితం చదివాకే నాకు బాగా అర్థమైంది. మీ అబ్బాయి, అమ్మాయి టెస్ట్ పేపర్ ఇంటికి తెచ్చినప్పుడు ఎన్ని వచ్చాయని అడిగాక, ఈ లెక్క ఎలా చేశావో చూపించమని కూడా అడగండి. తప్పు పోయినచోటును మళ్లీ చేయించండి. ఎవరెస్ట్ తను కొలిచిన గీతనే మళ్లీ కొలిపించారని చెప్పండి.

ఈ ఆదివారం ఇంట్లో చేయండి

ఉదయం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు చదునైన నేలమీద మీటరు పొడవున్న కర్రను నిటారుగా పట్టుకోమని మీ పిల్లలకు చెప్పండి. దాని నీడను టేపుతో కొలవండి. ఆ వెంటనే మీ వీధిలోని కొబ్బరిచెట్టు నీడను మొదలు నుంచి చివర దాకా కొలవండి. కర్ర నీడ అర మీటరు, చెట్టు నీడ నాలుగు మీటర్లు అయితే చెట్టు ఎత్తు ఎనిమిది మీటర్లు. గంట తర్వాత నీడలు మారాక మళ్లీ కొలవండి. రెండు జవాబులు ఒకటేనా? కాకపోతే తేడా ఎందుకొచ్చిందో పిల్లలతోనే చెప్పించండి. జవాబు, తేడా, దానికి కారణం ఒక కాగితం మీద రాసి సోమవారం పంపితే మా క్లాసు బోర్డు మీద పెడతాం. కర్ర పట్టుకున్నవాళ్ల పేరు, టేపు పట్టుకున్నవాళ్ల పేరు, లెక్క చేసినవాళ్ల పేరు మూడూ రాయడం మరచిపోకండి.